కంప పెట్టిన పదకొండు వాకిళ్లు

2006, శ్రావణమాసం, రెండో సోమవారం.

మా పక్కింటామె పోయి నేటికి పదమూడు రోజులు. పాలుపోసే ఆమె వచ్చి గోడ అవతలి నుంచే చెప్పింది: "అక్కా, మీ పక్కింటామె చీపురు పట్టుకోని పడిపోయుండాది. పిలిస్తే లేస్తాలేదు." నేను పోయేసరికి వాకిలి సగం ఊడ్చి ఉంది. మిగిలిన సగం నేను ఊడ్చాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే గురువారం మా ఊరి కమిటీ కొత్త ప్రణాళిక కోసం కూర్చుంటుంది. తీర్మానాల పుస్తకం తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. అందులో ఒక పుటలో ఒక లోపం ఉంది. అది తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆమెను చూస్తే నాకు కడుపుమంటగా ఉండేది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఆమె వేలిముద్ర మనిషి. నా మనవరాలికి ఎక్కాలు నేర్పింది నేను. పన్నెండో ఎక్కం అప్పజెప్పిన మరుక్షణం అది గోడ దాటి ఆమె దగ్గరికి పరుగెత్తేది. "ఏమే, మీ అవ్వ ఇడిసిపెట్టిందా?" అని ఆమె నవ్వేది. ఆ నవ్వు నా వంటింట్లోకి వినపడేది. ఆమె వేసే ముగ్గు కూడా అంతే. నేను చుక్కలు లెక్కపెట్టి వేసేదాన్ని, ఆమె మాట్లాడుతూ వేసేది. దారినపోయేవాళ్లు ఆగేది ఆమె వాకిట్లోనే.

తొమ్మిదేళ్ల కిందట, ఎండాకాలంలో, పంచాయతీవాళ్లు, ఆడవాళ్ల పొదుపు సంఘాలు, నీళ్ల ఆఫీసు ఇంజనీరు, కదిరి నుంచి వచ్చిన సేవాసంస్థవాళ్లు అందరూ కలిసి మా ఊరి ప్రణాళిక రాయాలన్నారు. అంతకుముందు ఏ పనైనా పైనుంచి వచ్చి పడేది. ఈసారి మీకేం కావాలని మమ్మల్నే అడిగారు. అందరూ ఒకే మాట చెప్పారు, నీళ్లు. ట్యాంకు కట్టి వీధి వీధికీ కొళాయి వేస్తారు, కానీ లెక్కలో ఉన్న ఇళ్లవరకే పైపు వస్తుంది. ఆ లెక్క రాసే పని నాకు అప్పగించారు.

ఇల్లిల్లూ తిరిగాను. ఊరి పక్కన వానాకాలంలో పారే వంక అవతలికి మూడుసార్లు పోయాను. ఫారంలో రెండే గళ్లు: నివాసం ఉంది, నివాసం లేదు. ఎనభై మూడు ఇళ్లు ఒక గడిలో, పదకొండు ఇళ్లు రెండో గడిలో రాశాను. స్కేలు పెట్టి పెద్ద చార్టు గీశాను. అంత శుభ్రమైన పటం చుట్టుపక్కల ఏ ఊరివాళ్లూ ఇచ్చి ఉండరు. బడి గోడకు నేనే మేకులు కొట్టి తగిలించాను.

సభనాడు ఇంజనీరు దాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత సేవాసంస్థవాళ్లు, చదువు రానివాళ్లు కూడా చెప్పాలి కదా, నేలమీద ఎవరైనా ఊరి పటం వేయండమ్మా అన్నారు. అందరూ ఆమెవైపు చూశారు. ఆమె కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి తెచ్చి బడి ఆవరణలో కూర్చుంది. ముందు వీధులు వేయలేదు. నీళ్లకు నడిచే దారులు వేసింది. ఇంటికొక వేరుశెనక్కాయ పొట్టు పెట్టింది. వంక దాటాక పొట్టు పెట్టి, దాని మీద తుమ్మకంప విరిచి చిన్న పుల్ల పెట్టింది. అట్లా పదకొండు.

"ఇవేంటమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"అవి ఖాళీ ఇండ్లు," అన్నాను నేను. "నేనే పోయి చూసినా, మూడుసార్లు."

ఆమె తల ఎత్తలేదు. "చూసినావు కదక్కా. వాకిలికి ఏముండె?"

"ముళ్లకంప, అడ్డంగా."

"ఇల్లు ఇడిసిపోయేటోడు కంప పెడ్తాడా? పొయ్యిరాళ్లు గూడా పీక్కోని పోతాడు. మంద తోలుకోని పోయినోల్లు, బెంగళూరుకు కూలికి పోయినోల్లు వాళ్లు. కంప పెట్టి పోయేది మల్లా వచ్చేదానికే గదక్కా."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తెలియని సంగతి కాదు అది. నా చిన్నప్పుడు మా ఇంటికీ కంపే పెట్టేవాళ్లం. ఫారంలో గడి లేదని నేను దాన్ని మరిచిపోయాను. గోడమీద నా చార్టును ఆ తర్వాత ఎవరూ చూడలేదు. అందరూ నేలమీదికే వంగి ఉన్నారు.

ఆ పదకొండు ఇళ్లూ లెక్కలో చేరాయి. నేను పుస్తకంలో రాశాను: "వంక అవతలి పదకొండు ఇళ్లను చేర్చాలని సభ్యులు సూచించారు." అదే పుటలో పశువుల తొట్టి కావాలన్నవారి పేరు రాశాను, బడికి ప్రహరీ కావాలన్నవారి పేరు రాశాను. ఆమె పేరు మాత్రం రాయలేదు. నియమం ప్రకారం పైకి చదివి వినిపించాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "బాగా రాసినావక్కా" అని వేలిముద్ర వేసింది. ముగ్గుపిండి వేలికి ఉండిపోయి సిరా సరిగా అంటలేదు. మిగతా ముద్రల మధ్య ఆమెది తెల్లగా, సగమే కనపడుతుంది.

వానలు పడ్డాక వంక అవతలివాళ్లు వచ్చారు. కంపలు తీసి, పైపుకు కాలువ వాళ్లే తవ్వారు. మొదటి బిందె నిండినప్పుడు ఆమె నాతో అంది: "నువ్వు తలుపులు లెక్కేసినావు. నేను బిందెలు లెక్కేసినా. అంతేలే అక్కా." ఎత్తిపొడుపు కాదు. అయ్యుంటే బాగుండేది. బదులు చెప్పేదాన్ని.

ఆమెను శ్మశానానికి తీసుకుపోయిన రోజు వంక అవతలివాళ్లు ముదిగుబ్బ దగ్గర మందలు వదిలి కూడా వచ్చారు. వచ్చినవాళ్లను లెక్కపెట్టాను. నాకు అంతమంది రారు.

గురువారం జరగవలసినవి:

1. మొదటి అంశంగా ఆ పాత పుట తీయాలి. "సభ్యులు" అన్న మాట కొట్టివేయకుండా పక్కన ఆమె పేరు రాయాలి. దిద్దుబాటు కింద నేను సంతకం చేసి, ఎందుకు దిద్దానో నిలబడి చెబుతాను.

2. ఇళ్ల లెక్కకు మూడో గడి గీయాలి: కంప పెట్టి పోయినవారు.

3. ఊరి పటం ముందు నేలమీద వేయాలి, కాగితం తర్వాత. ఆమె కొబ్బరిచిప్పను కూతురు తన ఊరికి పోతూ నాకిచ్చింది. పిండి నేను తెస్తాను. వేసేది నేను కాదు.

4. ఆమె ఇంటిని ఖాళీ అని ఎవరూ రాయకూడదు. శెనక్కాయ పీకేనాటికి వస్తానని కూతురు చెప్పింది. వాకిలికి కంప నేనే పెట్టాను. రెండు ముళ్లు వేలికి దిగాయి. ఆ కంపను ఎవరూ తీయకూడదు.