పద్నాలుగు పుటల మీద నా సంతకం

ఈ సంగతిని అక్షరబద్ధం చేయవలసిన అవసరం ఒక అపవాదు వల్ల కలిగింది. మా వీధిలో ఉంటూ, పలాసలో జీడిపప్పు కర్మాగారంలో పనిచేసే ఒక స్త్రీకి నిరుడు కథల పోటీలో బహుమతి వచ్చింది. ఆమె నా పూర్వ విద్యార్థిని. ఆ కథను నేనే రాసి ఆమె పేరున పంపానని కాశీబుగ్గ బస్టాండు మొదలుకొని టెక్కలి గ్రంథాలయం వరకు చెప్పుకుంటున్నారు. ఆ కథకు నేను చేకూర్చింది ఒక పొరపాటు మాత్రమే. దానిని దాచుకొని అనర్హమైన కీర్తి మోయడం కంటె, ఒప్పుకొని తేలికపడడం మేలని ఇది రాస్తున్నాను.

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మరుసటి వారమే నేనొక రిజిస్టరు తెరిచాను. కథల పోటీలు, పుస్తక ముద్రణకు సాయం చేసే సంస్థలు, పురస్కారాలకు పుస్తకాలు కోరే ప్రకటనలు, అన్నీ అందులో ఎక్కుతాయి. సోమవారం పలాస గ్రంథాలయంలో, గురువారం టెక్కలిలో పత్రికలు చూస్తాను. గడువు, నిడివి, ప్రవేశ రుసుము, హామీ పత్రం, వీటికి వేర్వేరు గడులున్నాయి. వాట్సాప్‌లో తేదీ లేకుండా తిరిగే ప్రకటనలను, ఫోను చేసి నిర్ధారించుకోనిదే ఎక్కించను. నేను కథకుణ్ణి కాను. అయినా మా ఉద్దానం ప్రాంతంలో రాసేవాళ్లకు సమాచారం అందక గడువు దాటిపోకూడదని నా పట్టుదల.

ఒక సాయంత్రం ఆమె ఏదో దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చి, బల్ల మీదున్న ఆ రిజిస్టరును తిరగేసింది.

"ఇవన్నీ ఏటి మాస్టారూ?"

చెప్పాను. మర్నాడు ఒక బడి నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"నేనూ ఒకటి రాసినాను. నవ్వితే మాత్రం పట్టుకెలిపోతాను."

"నేను తరగతిలో ఎప్పుడైనా నవ్వానా?"

"అదీ నిజమే" అని తానే నవ్వింది. ఆమె కోరిక చిన్నది. ఆమె రాసుకుంటుంటే అత్తగారు, "కాగితాలు నలుపు సేత్తన్నాది, అన్నం ఉడుకుతాదేటి?" అని దెప్పుతుందట. కథ ఒక్కసారి అచ్చులో పడితే ఆ పుట తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టాలి. అంతే.

ఏ పోటీకి పంపాలో కూడా ఆమే తేల్చింది. నేను గడువుల వరుసలో పేర్చినదాన్ని ఆమె పప్పు ఏరినట్టు ఏరింది. "ముందు పుచ్చు తీసీయాల మాస్టారూ" అంటూ రుసుము అడిగేవాటిని, నిరుటి విజేతల పేర్లు ఎక్కడా ప్రకటించనివాటిని పక్కకు నెట్టింది. తరువాత ముక్కలు, అంటే మన కథ నిడివికి సరిపడనివి. చివరికి ఎక్కడా విరగని గుండుపప్పులా ఒక్కటి మిగిలింది. అది విశాఖలోని ఒక సాహిత్య సంస్థ పోటీ. ఎంపికైన కథలను సంకలనంగా అచ్చు వేస్తారు. నా గడులన్నీ చేయలేని పని ఆ వేళ్లు కాఫీ చల్లారేలోగా చేశాయి.

నేను కథకు శుద్ధప్రతి రాశాను. పద్నాలుగు పుటలు. జీడిగింజలు కొట్టే అమ్మాయి జీడిసొనకు నల్లబడిన చేతులకు బూడిద రాసుకొని, పెళ్లిచూపుల వారి ముందు చేతులు చీరచెంగులో దాచుకునే పేరా ఒకటుంది. కథాగమనానికి అడ్డమని దాన్ని కొట్టివేశాను. ఆమె అది చూసి, తన నోటుపుస్తకం తీసుకొని వెళ్లింది. గురువారం టెక్కలిలో స్పీడ్ పోస్టు చేసి, తృప్తిగా ఇంటికి వచ్చాను.

పంపిన తరువాత నిబంధనలను మరొకసారి చదివి రిజిస్టరులో గురుతు పెట్టడం నా అలవాటు. శుక్రవారం ఉదయం నాలుగో నిబంధన దగ్గర నా కలం ఆగిపోయింది. కథ ప్రతి మీద పేరు, సంతకం, ముద్ర ఏవీ ఉండరాదు. దాని కింద ఎర్రసిరాతో గీత గీసింది నేనే. దానిని పాటించి ఆమె పేరును ఎక్కడా రానీయలేదు కూడా. అయితే ముప్పై యేళ్ల అలవాటు కొద్దీ, ప్రతి పుట అడుగున "సరిచూడబడినది" అని రాసి, సంతకం చేసి, పేరూ హోదా ఉన్న నా రబ్బరు ముద్ర వేశాను. పద్నాలుగు చోట్ల!

సంస్థకు ఫోను చేశాను. "నియమం నియమమేనండీ, ఆ ప్రతిని పక్కన పెట్టవలసిందే. సోమవారం సాయంత్రంలోగా మరొక ప్రతి చేరితే తీసుకుంటాం" అన్నారు. నేనైనా అదే చెప్పి ఉండేవాణ్ణి.

ఆమెకు చెప్పడానికి మధ్యాహ్న విరామంలో కర్మాగారం గేటు దగ్గర నిలబడ్డాను. ఆలస్యంగా వచ్చిన విద్యార్థి గుమ్మం ముందు ఎలా నిలబడతాడో ఆ రోజు తెలిసింది. విని ఆమె ముఖం ఒక్క క్షణం వాడింది. పక్కనున్న తోటి కార్మికురాలు, తానూ నా దగ్గర చదివినదే, ఊరుకోలేదు.

"మనం రెండు లెక్కలు తప్పు సేత్తే బెంచీ ఎక్కించినారు. ఇప్పుడు మాస్టార్ని ఏటి ఎక్కిద్దామే?"

"రైలెక్కిద్దాం" అంది ఆమె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది రికార్డు.

ఆదివారం సెలవు. మా అరుగు మీద ఆమె నోటుపుస్తకం చూసి చదువుతుంటే నేను రాశాను. మొదటిసారి నేను అక్షరాలను మాత్రమే సరిచూశాను. ఇప్పుడు కథ విన్నాను. నేను కొట్టివేసిన పేరా దగ్గర ఆమె గొంతు తగ్గలేదు, దాటవేయనూ లేదు. నా కలమూ ఆగలేదు.

ఆమె చటుక్కున ఆగింది. "అది మీరు కొట్టీసినారు గదా. మల్లీ రాత్తన్నారేటి?"

"చదువు" అన్నాను.

పుట అడుగుకు వచ్చిన ప్రతిసారీ నా చేయి ముద్ర కోసం వెతికింది. అది చూసి ఆమె లేచి, ముద్రను, సిరాదిమ్మను పట్టుకెళ్లి మా వంటింట్లో ఉప్పు జాడీ వెనుక పెట్టి వచ్చింది.

సోమవారం పలాసలో రైలెక్కి, మధ్యాహ్నానికి ఆ కార్యాలయం చేరాను. గుమాస్తా కవరు అందుకొని, ఒక పుస్తకం నా వైపు తిప్పి, "ఇక్కడ సంతకం చేయండి" అన్నాడు. "చేయవచ్చునా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

మూడో బహుమతి వచ్చింది. సంకలనం ఇంటికి చేరిన రోజు ఆమె దాన్ని అత్తగారి ఒళ్లో పెట్టిందట. చదువురాని ఆ ముసలమ్మ పుస్తకం మా ఇంటికి తెచ్చి, కథను నా చేత పైకి చదివించుకుంది. నేను కొట్టివేసిన ఆ పేరా దగ్గర తన చేతులను కాసేపు చూసుకుంది. అత్తగారు కూడా ఒకప్పుడు జీడిగింజలు కొట్టిన మనిషే. తరువాత వెంట వచ్చిన కోడలితో, "మల్లీ ఎప్పుడు రాత్తావు? అన్నం నేను సూసుకుంటాను" అంది.

నా తీర్పు ప్రకారం ఆ పేరా ఉండవలసింది కాదు. అందువల్ల పాఠకులను అర్థిస్తున్నాను. ఇందులో వరుస తప్పిన సంగతులు, నా మతిమరపు, అక్కరలేదనుకొని నేను వదిలివేశానని తోచే పేరాలు మీ దృష్టికి వస్తే నిర్మొహమాటంగా దిద్దండి. దిద్దిన చోట మీ సంతకం కూడా చేయండి. ఇది పోటీ కాదు. ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో నాకు తెలియాలి.