మూడో నిమిషంలో నెమ్మదించే పాట

2008 మే నెలలో నేను శేషాచలం మాస్టారింటికి వెళ్ళింది ఆయన్ని పలకరించడానికి కాదు. అలా చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మాట పడిపోయింది, కుడివైపు చచ్చుబడిపోయింది. ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. తిరువూరులో ఆయన దగ్గర టైపు నేర్చుకోని గుమాస్తా లేడు మరి. నేను మాత్రం వెళ్ళలేదు. చివరికి వెళ్ళింది కూడా ఒక రికార్డు కోసం. పదేళ్ళ కిందట ఆయన దగ్గర విన్న పాటని ఇంకొక్కసారి వినాలని.

ఎందుకో చెబుతాను. మా ఆయన గురుచరణ్ పోయి అప్పటికి రెండేళ్ళు. గంపలగూడెం రోడ్డులో ఆయన మోటారు సైకిలు, ఎదురుగా పత్తి లోడు ట్రాక్టరు. అంతకంటే చెప్పడానికేం లేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. పదకొండో రోజున మా ఆడపడుచు నా వెనకే నిలబడి, "రాయి కాకపోతే ఏంటి, ఒక్క చుక్క రాల్చలేదు" అంది. విన్నాను. కోపం కూడా రాలేదు. ఈ రమాసుందరికి కోపం రాలేదంటే మా అమ్మే నమ్మదు. నాకంటే ముందు నా నోరు పుట్టిందని మా వీధిలో పేరు. అలాంటిదాన్ని పొద్దున ఆఫీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని రేషన్ కార్డుల పేర్లు కొట్టడం, ఇంటికొచ్చి తినడం, పడుకోవడం. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా తినేసేదాన్ని.

ఒకప్పుడు నన్ను కుదిపేసింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఒక్కటే తట్టింది, మాస్టారి దగ్గరున్న పచ్చగుర్రం బొమ్మ రికార్డు. అది విన్నాక కూడా ఏమీ కదలకపోతే, సరే, ఆడపడుచు చెప్పింది నిజమేనని ఒప్పేసుకుందామనుకున్నాను.

శేషాచలం మాస్టారిది విస్సన్నపేట దగ్గర పల్లె. ఎస్సెల్సీ అయ్యాక విశాఖపట్నం వెళ్ళి, ఓడల ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేరారు. పదేళ్ళు చేశారు. అక్కడ ఒక విదేశీ ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు ఒకతను ఆయనకు స్నేహితుడయ్యాడు. ఒకసారి ఓడ బయల్దేరే ముందు ఒక చెక్కపెట్టె, రికార్డు ప్లేయరు తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాడట. "ఓడలో తేమకి పాడైపోతున్నాయి. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళ్తాను. ఊరికే మూసి పెట్టకు, వింటూ ఉండు, వినకపోతే చెడిపోతాయి" అన్నాడట. ఆ తర్వాత ఆ ఓడ రెండుసార్లు వచ్చింది గానీ అందులో అతను లేడు. ఉద్యోగం మానేసి తిరువూరు వచ్చేటప్పుడు మాస్టారు తన కొత్త చిరునామా టైపు చేసి ఆ ఆఫీసు గోడకు అంటించి వచ్చారట. ఇరవై ఏళ్ళు దాటాక కూడా, మేం చూస్తుండగానే, గుమ్మం ముందు పోస్టుమాన్ సైకిలు ఆగితే ఆయన తల అటు తిరిగేది.

"ఇవి నావి కావమ్మా, అప్పజెప్పాల్సినవి" అనేవారు, ఒక్కో రికార్డునీ పాత పంచె ముక్కతో తుడుస్తూ.

బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు, పన్నెండు మిషన్లు, అదే ఆయన ఇన్‌స్టిట్యూట్. మొదట్లో, మిషన్ల మీద వేళ్ళకి తాళం కుదరాలని రేడియో పెట్టేవారట. ఆ సినిమా పాటల ధాటికి ఒకతను మేనేజరుకు రాసే ఉత్తరంలో "డియర్ సార్" బదులు "డియర్ ప్రియా" అని కొట్టాడట. దాంతో రేడియో కట్టేసి పెట్టె తెరిచారు. "మాట అర్థమైతే బుర్ర దాని వెంట పోతుంది. ఇందులో మనకి ఒక్క ముక్క అర్థం కాదుగా, చేతులు వాటి పని అవి చేసుకుంటాయి" అనేది ఆయన సిద్ధాంతం. పాఠం చెప్పేటప్పుడు ఆయన మాట్లాడేది తక్కువ. కాగితం చూసి, తప్పుంటే పెన్సిలుతో బల్ల మీద రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేవారు. మళ్ళీ కొట్టు అని దానర్థం. తప్పు లేకపోయినా ఒక్కోసారి కొట్టేవారు. బాగుంది, మళ్ళీ కొట్టు అని.

నేను చేరింది 1997లో, డిగ్రీ అయిపోయాక. మా నాన్న గుళ్ళో అర్చకత్వం చేసేవారు. ఇంట్లో తెల్లారితే సుప్రభాతం, వీధిలోకి వస్తే సినిమా పాట. అవేవీ నన్ను అడిగి పెట్టినవి కావు. మాస్టారి పెట్టెలో ఉన్నవి పదకొండు రికార్డులు. ఆ రకం సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారని మా బ్యాచ్ బాలశౌరి చాలా ఏళ్ళకి ఎక్కడో చదివి చెప్పాడు. మాకు అప్పుడు పేరు అవసరం పడలేదు. మాస్టారి భార్య హనుమాయమ్మ గారు దెయ్యాల పాటలు అనేవారు, మేమూ అదే అన్నాం.

అన్నిట్లోకీ ఇష్టమైంది ఒకటి. అట్ట మీద మబ్బుల్లో నిలబడ్డ పచ్చగుర్రం, దానికి మనిషి కళ్ళు. అక్షరాలన్నీ కరిగి కారిపోయినట్టు రాశారు, పాడిందెవరో ఎవరికీ చదవడం రాలేదు. ఒక వైపంతా ఒకటే పాట. మొదట హార్మోనియం లాంటిది గుయ్యిమని లేస్తుంది, డ్రమ్ము అందుకుంటుంది, సరిగ్గా టైపు హయ్యరు పరీక్ష స్పీడుకి సరిపోయే నడక. మూడో నిమిషంలో పాట ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు అయిపోతుంది. ఎక్కడో గంట మోగుతుంది, ఒక మనిషి వెనక నుంచి ముందుకి మాట్లాడుతున్నట్టు గొణుగుతాడు. ఒక నిమిషం అలా సాగి, మళ్ళీ డ్రమ్ము ఉరుకుతుంది. ఆ నిమిషంలో నా ఒళ్ళు జలదరించేది. ఎందుకో నవ్వొచ్చేది, ఆ వెంటనే కళ్ళు నిండేవి. సిగ్గుపడి కాగితం సర్దుకున్నట్టు నటించేదాన్ని.

న్యాయంగా అయితే, పాట నెమ్మదించే చోట మాస్టారు ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాలి. మిగతా రికార్డులకి అలాగే చేసేవారు. పచ్చగుర్రానికి మాత్రం చెయ్యి లేచేది, రెండు వేళ్ళూ ముల్లు దాకా వెళ్ళేవి, అక్కడే గాల్లో ఆగిపోయేవి. కళ్ళు మూసుకునేవారు. మేమూ ఆయన్ని చూసి, వేళ్ళని పాటతో పాటు నెమ్మదిగా నడిపించేవాళ్ళం. ఆరు నెలల పాటు, రోజూ, సాయంత్రం నాలుగు గంటల బ్యాచ్ మొత్తం.

బాలశౌరి ఒక్కడే చెవుల్లో దూది పెట్టుకునేవాడు. వాడు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. "శ్రుతి లేదు, పాడూ లేదు, నా వల్ల కాదు మాస్టారూ" అనేవాడు. మేం వాణ్ణి ఎంత ఏడిపించామో.

1998లో హయ్యరు పరీక్షకి మా మిషన్లు మేమే వ్యానులో వేసుకుని విజయవాడ వెళ్ళాం. ఏడుగురం ఒకే వరసలో కూర్చున్నాం. స్పీడు పేపరు పది నిమిషాలు, సహకార సంఘాల గురించి ఏదో గద్యం. బెల్లు కొట్టగానే హాలంతా వడగళ్ళ వాన. నా తలలో పాట మొదలైంది. మొదలైన సంగతి కూడా నాకు తెలియదు. మూడో నిమిషంలో నా వేళ్ళు నెమ్మదించాయి. పక్కన మిషను నెమ్మదించింది. దాని పక్కదీ. ఇన్విజిలేటరు గబగబా మా వరస దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా, మిషన్లన్నీ ఒకేసారి పట్టేశాయా?" అన్నాడు. మాకు నవ్వొచ్చింది కూడాను. గంట కొట్టేసరికి నాకు నాలుగు లైన్లు మిగిలిపోయాయి.

ఏడుగురిలో ఆరుగురం తప్పాం. బాలశౌరి ఒక్కడే పాసయ్యాడు. ఆ ఏడాదే కోర్టులో టైపిస్టు పోస్టులు పడ్డాయి. వాడికి నూజివీడులో ఉద్యోగం వచ్చింది. ఆ అప్లికేషను నేను కూడా తెచ్చి పెట్టుకున్నాను, దాన్ని చింపేసి సరాసరి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాను. బ్యాచ్ అంతా కూర్చుని ఉంది. మాస్టారు రికార్డు తుడుస్తున్నారు. అది చూసేసరికి ఒళ్ళు మండిపోయింది.

"మేం మీ దగ్గరికొచ్చింది టైపుకా, మీ దెయ్యాల పాటలకా? మీ సరదా కోసం మా నోట్లో మట్టి కొట్టారు కదండీ!" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే రకమా? "ఆ ఓడవాడు రాడు మాస్టారూ. ఎప్పటికీ రాడు. మీకు తప్ప ఊరందరికీ తెలుసు. అవతల పారెయ్యండి అవి!"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా వైపు చూసి, "నిజమేనమ్మా" అన్నారు. అంతే.

మర్నాడు బల్ల మీద ప్లేయరు లేదు. పెట్టె మాస్టారింట్లో అటకెక్కింది. ఆయన స్కేలుతో బల్ల మీద తాళం వేశారు. ఆ తాళం ఎక్కడా నెమ్మదించలేదు. మరుసటి ఏడు నేనూ పాసయ్యాను, కానీ పోస్టులు మళ్ళీ పడలేదు. క్షమించమని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. తర్వాత పెళ్ళి, తర్వాత ఊరినిండా కంప్యూటర్లు. ఇన్‌స్టిట్యూట్ మూతపడిందని ఎవరో చెబితే ఊఁ కొట్టాను.

ఆ 2008 మే నెలలో ఒక ఆదివారం పొద్దున మాస్టారింటి తలుపు కొట్టాను. హనుమాయమ్మ గారు నన్ను గుర్తుపట్టి, "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అమ్మాయ్?" అన్నారు. మాస్టారు మంచం మీద వెల్లకిలా ఉన్నారు, కళ్ళు పైకప్పు మీద. నమస్కారం పెట్టాను. నా వైపు తిరగలేదు.

"మనిషిని పోల్చుకుంటున్నారో లేదో మాకే తెలియడం లేదమ్మా. డాక్టరు మాట్లాడించమంటాడు. ఏం మాట్లాడేది?" అన్నారావిడ.

నేను రికార్డుల సంగతి అడిగాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, "నువ్వు వాటిని తిట్టిన పిల్లవే కదూ" అన్నారు. అవునన్నాను. అటక మీదే ఉన్నాయి, తీసుకో అన్నారు. ప్లేయరు ఎప్పుడో పాడైపోయిందట. ఏదోలా ఇంకొకటి సంపాదించవచ్చులే అనుకుంటూ నిచ్చెన ఎక్కాను.

రేకులకి జానెడు కింద ఉంది ఆ అటక. పది ఎండాకాలాలు. మన ఎండలు తెలిసినవే కదా. పెట్టె దింపి మూత తీశాను. పచ్చగుర్రం అట్ట బాగానే ఉంది. లోపలి రికార్డు వేయించిన అప్పడంలా వంకరపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పదకొండూ చూశాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మనిషి ఒక్క గీత పడకుండా కాపాడినవి, నేనన్న ఒక్క మాటకి పైకెక్కి పాడైపోయాయి. ఏడుపు వస్తే ఇప్పుడే రావాలి. అట్ట పట్టుకుని నేల మీద కూర్చుని చూశాను. రాలేదు.

లేచి మంచం దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, తప్పు నాదే. ఆ రోజు నేనట్లా అనకుండా ఉండాల్సింది" అన్నాను. పదేళ్ళు మోసిన మాట అది, అంటే ఏదో దిగుతుందనుకున్నాను. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.

వెళ్ళిపోదామని తిరిగితే మూలన గుడ్డ కప్పిన మిషను కనిపించింది. అన్నీ అమ్మేశారట, ఇదొక్కటీ మాస్టారు ఇవ్వనివ్వలేదట. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, స్టూలు లాక్కుని కొట్టడం మొదలుపెట్టాను. రిబ్బను ఎండిపోయింది, అక్షరాలు పడటం లేదు. ఏం కొట్టానో కూడా గుర్తులేదు, సహకార సంఘాలే అయ్యుంటాయి. వేళ్ళకి నడక దొరికింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. హనుమాయమ్మ గారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

మూడో నిమిషంలో నా వేళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. నేను చెయ్యలేదు. నీళ్ళలో నడిచినట్టు, ఒక్కో అక్షరం.

"అమ్మాయ్, అటు చూడు" అన్నారు హనుమాయమ్మ గారు.

మాస్టారి ఎడమ చెయ్యి లేచింది. రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చి, పక్కన లేని ప్లేయరు వైపు వెళ్ళింది. సగం దారిలో గాల్లో ఆగింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను ఆ నిమిషమంతా నెమ్మదిగానే కొట్టాను. డ్రమ్ము వచ్చే చోట వేళ్ళు మళ్ళీ ఉరికాయి. చెయ్యి మెల్లగా మంచం మీదికి దిగింది.

పేజీ అయిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. గుడ్డ తీసి మిషను మీద కప్పబోతుంటే, నా వెనక మంచంపట్టె మీద టక్ టక్‌మని రెండుసార్లు చప్పుడైంది.

గుడ్డ పక్కన పెట్టి, కొత్త కాగితం ఎక్కించి, మొదటి నుంచీ మళ్ళీ కొట్టాను.