మూడు వైపులా కోసిన నోట్‌బుక్

మా బావ పుస్తకాల బైండరు. ఏ పుస్తకమైనా కుట్టి, జిగురు ఆరాక, మూడు వైపులా అంచులు కోసిన తర్వాతే అట్ట వేస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు.

మా అక్క ఇంట్లోనే పిల్లలకు ఫ్రెంచి చెప్పేది. ఎవరైనా తప్పు చెబితే తిట్టేది కాదు. పెన్సిలుతో బల్ల మీద ఒక్కసారి టక్కుమని కొట్టేది. బావనూ నేర్చుకోమని పోరు పెట్టింది. "ఈ వయసులో నాకెందుకే ఆ గోల?" అని ఆయన తప్పించుకు తిరిగాడు. తాను మంచాన పడ్డాక ఆయన కోసమే ఒక నోట్‌బుక్ నిండా క్రియాపదాలు రాసింది. అదైనా తెరిచాడా అంటే, లేదు. ఆమె పోయిన నెలకు దాన్ని బైండు చేద్దామని కూర్చున్నాడు. ఏడుస్తూనే కుట్టాడు, ఏడుస్తూనే అలవాటు కొద్దీ కోశాడు. అక్క కాగితం అంచు దాకా రాసే మనిషి. ప్రతి పంక్తి చివరా తెగిపోయింది.

"ముక్కలేవి బావా?"

"చిత్తుకాగితాల బండిలో పోయాయి."

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

తెగినవి పూరించడానికి, అక్క దగ్గర చదువుకున్న ఒక టీచరమ్మ దగ్గర చేరాడు. పొద్దున్నే దుకాణం తెరవగానే, ఇంటి నుంచి అక్కడికి తెచ్చుకున్న అక్క బల్ల ముందు కూర్చుని వల్లె వేసేవాడు. "ఝ పార్ల్, త్యు పార్ల్..." నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు. నేను క్యారేజీ పట్టుకెళ్లిన ఒకరోజు 'మేము' దగ్గర తప్పాడు. టక్కుమంది.

"సరేలేవే, మళ్లీ చెప్తా," అన్నాడు తలెత్తకుండా.

గదిలో ఉన్నది మేమిద్దరమే. నేను దయ్యాలను నమ్మను. అయినా వంగి బల్ల కింద చూశాను.

ఏడాదికి అన్నీ పూరించాడు, చివరి పేజీలో ఒక్క వాక్యం తప్ప. 'నేను వెళ్లాక నువ్వు' అని ఉంది ఫ్రెంచిలో. ఆ తర్వాతిది కత్తికి పోయింది. ఏం చేయమంది? అక్కడ ఏ క్రియ అయినా పడుతుంది, చెప్పలేనంది టీచరమ్మ. బావ ఊరుకోలేదు. నేర్చిన క్రియలు ఒక్కొక్కటే ఆ ఖాళీలో పెట్టి పైకి చదవసాగాడు. తింటావు. టక్. నిద్రపోతావు. టక్. ఎదురుచూస్తావు. టక్. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ పనులు మానుకుని వెళ్లి కూర్చునేదాన్ని. అక్క చప్పుడు కోసం.

మొన్న సోమవారం 'మర్చిపోతావు' అని చదివాడు. చప్పుడు లేదు. మళ్లీ చదివాడు. లేదు.

"దొరికింది కదా బావా. రాసేయ్," అన్నాను, అతి కష్టం మీద.

"రాయను. మర్చిపొమ్మనే మనిషేనా మీ అక్క? నువ్వే చెప్పు."

ఔనందో, విసిగి వెళ్లిపోయిందో. ఆ తర్వాత చదివిన ఏ క్రియకూ బల్ల పలకలేదు.

ఇవాళ వెళ్లేసరికి మొదటి పాఠం తెరిచి కూర్చున్నాడు. నిద్రలో లేపినా తప్పు లేకుండా చెప్పగలిగిన పాఠం. 'మేము మాట్లాడతాం' అనాల్సిన చోట కావాలనే తప్పు చెప్పి, బల్లకేసి చెవి వంచాడు. కాసేపు ఆగి మళ్లీ అదే తప్పు చెప్పాడు. క్యారేజీ కింద పెడితే చప్పుడవుతుందని నేను చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను.