డ్రమ్ములో కుక్కిన బొంత

నా డ్రమ్ముల మీద మా అమ్మకున్న మొదటి అభ్యంతరం చప్పుడు కాదు, కాళ్ళు. కూర్చుని కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రమని మావాళ్ళ నమ్మకం. నేను నేర్చుకుంటున్నది అచ్చంగా అదే. పెద్ద డ్రమ్ము ముందు రెండు పెడల్స్ పెట్టుకుని, కుడి ఎడమ కుడి ఎడమ, పిక్కలు పట్టేసేదాకా తొక్కడం. "ఆడపిల్లవి, ఏటే ఆ కాళ్ళూపుడు," అని రోజూ ఒకసారైనా అనేది. దరిద్రం మా ఇంటికి కొత్త చుట్టమేమీ కాదు కాబట్టి నేను పట్టించుకునేదాన్ని కాదు.

చప్పుడు సంగతి వేరు. నాన్న భిలాయి పక్కనే జాముల్ వైపు ఒక చిన్న రోలింగు మిల్లులో చేసేవారు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. మా లైన్లో ఉన్నవాళ్ళంతా శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇనుము పనికి వచ్చి భిలాయిలో స్థిరపడినవాళ్ళే. అందుకని మాలో ఒక పద్ధతి ఉండేది. రాత్రి పని చేసి వచ్చిన మనిషి పడుకుంటే, తలుపు గడియకు అతని డ్యూటీ తువ్వాలు కట్టేవారు. అది చూస్తే కూరగాయల బండివాడు కూడా కేక వెయ్యకుండా దాటిపోయేవాడు. లోపల కుక్కరు పెట్టరు, టీవీ వెయ్యరు. అలాంటి ఇంటికి నేను ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు వదిలేసిన పాత డ్రమ్ సెట్టు తెచ్చాను. నా బుద్ధి అలా ఏడిచింది.

తెచ్చాక జాగ్రత్తలు నేనే పడ్డాను. చిన్న డ్రమ్ముల మీద రబ్బరు ముక్కలు పరిచాను. పెద్ద డ్రమ్ములో అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కుక్కాను. పెడల్ ఎంత గట్టిగా తొక్కినా దెబ్బ మెత్తగా బొంతలో కూరుకుపోయేది. నాలుగేళ్ళు అలా బొంతను తన్నాను.

నెహ్రూ నగర్లో ఒక భయ్యా నాకు డ్రమ్ముల లిపి చదవడం నేర్పాడు. ఐదు గీతలు. పైన ఇంటూ మార్కు ఉంటే సింబల్ అనే ఇత్తడి పళ్ళెం, అంటే సన్నటి మోత. అన్నిటికన్నా కింద గుండ్రటి చుక్క ఉంటే కాలు, అంటే బరువైన దెబ్బ. వరసల మధ్య సందు నింపే ఫిల్ అంటే చేతులతో నాలుగు, కాళ్ళతో రెండు, మళ్ళీ చేతులు, మళ్ళీ కాళ్ళు, సందు లేకుండా. నా ఎడమ కాలు ప్రతిసారీ వెంట్రుకవాసి వెనక పడేది. నీ ఎడమ కాలు నైట్ డ్యూటీ చేసొచ్చిందా అని భయ్యా హిందీలో ఎగతాళి చేసేవాడు.

నాన్న లేచాక నిద్ర చెడిందేమోనని రోజూ అడిగేదాన్ని. ఆయన నా మొహంలోకి చూసి, "ఏటీ ఇనబళ్ళేదమ్మా, కొట్టుకో," అనేవారు. నా జాగ్రత్తకు మెచ్చుకుంటున్నారని మురిసిపోయేదాన్ని. అమ్మ వెనకనుంచి ఏం చెప్పినా ఆయన ఊఁ అని ఊరుకునేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది ఈ మనిషితో అని ఆమె విసుక్కునేది.

పోయిన వానాకాలం మిల్లులో క్రేను హారన్ కొడుతుంటే నాన్న దాని కిందికే నడిచారు. పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టి లాగబట్టి బతికారు. మర్నాటినుంచి పనిలోకి రావద్దన్నారు. రాయపూర్లో చెవుల డాక్టరు పరీక్ష చేసి ఒక గీతల కాగితం ఇచ్చాడు. తిరుగు బస్సు కుమ్హారి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే, నాన్న ఫైలు తెరిచాను. లోపల అలాంటిదే ఇంకో కాగితం ఉంది, పాతది. నేను డ్రమ్ములు తెచ్చిన ఏడాదిది.

రెండిట్లోనూ సున్నాలు, ఇంటూలు. సున్నాలు కుడి చెవి, ఇంటూలు ఎడమ చెవి. గుర్తు ఎంత కిందికి ఉంటే వినికిడి అంత తక్కువ. కాగితానికి ఎడమ వైపు బరువైన శబ్దాలు, కుడి వైపు సన్నవి. ఇలాంటి గుర్తులు చదవడం నాకు అలవాటే కదా, ఇట్టే తెలిసిపోయింది. పాత కాగితంలో సన్నవన్నీ అప్పటికే అడుగున ఉన్నాయి. బరువైనవి మాత్రం పైనే, ఇంచుమించు చక్కగా ఉన్నాయి. కొత్తదాంట్లో అన్నీ అడుగునే.

అంటే అప్పుడు ఆయనకు నా సింబల్ వినబడదు, మాటలు సగమే వినబడతాయి. వినబడగలిగింది ఒక్క పెద్ద డ్రమ్మే. దాంట్లోనే నేను బొంత కుక్కాను.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎదురుగా తిరిగి, పెదవులు చూసుకునేలా నెమ్మదిగా అడిగాను, ఎందుకు దాచావని. చెవులు పోయాయని తెలిస్తే ఫోర్‌మన్ పనిలో ఉండనివ్వడన్నారు. మాట ఎలాగైనా బయటికి పొక్కుతుందని ఇంట్లోనూ చెప్పలేదట. మరి నీకు వినబడనప్పుడు రోజూ తువ్వాలు ఎందుకు కట్టనిచ్చావన్నాను.

"తువ్వాలొద్దంటే మీకు తెలిసిపోద్ది గదమ్మా," అన్నారు.

ఆ రోజు నుంచి అమ్మ శంఖం మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే డ్రమ్ము విప్పి బొంత బయటికి లాగాను. వినమని నాన్నకు సైగ చేశాను. మంచం మీద పడుకుని, శ్రద్ధగా వింటానన్నట్టు కళ్ళు మూసుకున్నారు. ఆయన నాకు తిన్నగా కనబడేలా గదుల మధ్య తలుపు బార్లా తీశాను. ఎనిమిది వరసలు వాయించి ఫిల్ అందుకున్నాను. చేతులు, కాళ్ళు, చేతులు, కాళ్ళు. ఎడమ కాలు మొదటిసారి వేళకు పడింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కింటావిడ కంగారుగా బయటికి వచ్చింది. నాలుగేళ్ళలో నేను ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఆపి, నాన్న వైపు చూశాను.

కళ్ళు తెరవకుండానే, "ఊఁ, మొదలెట్టమ్మా," అన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాను.