ఇవ్వని వయొలిన్

డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం, రేణిగుంట స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. నాకు ఇరవై ఏళ్లు. తిరుపతిలో వయొలిన్ నేర్చుకుంటున్నానని గర్వం. వెలిసిపోయిన కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు నా వయొలిన్ పెట్టెనే చూస్తూ మాట కలిపారు.

"మాది కార్వేటినగరం నాయనా. మా నాయన దగ్గరే వయొలిన్ నేర్చుకున్నా. మద్రాసు హోటల్లో, జనం తాగి డ్యాన్సులాడే చోట, ఇంగ్లీషు పాటలు వాయించే జాజ్ బ్యాండులో చేరినాను. ఆ బ్యాండుల్లో ట్రంపెట్లే గానీ వయొలిన్ యాడుండాది? అందరూ నవ్వినారు. ఏడాది తిరిగేసరికి నా వయొలిన్ వినేదానికే జనం వచ్చినారు. ముప్పై ఏండ్లు వాయించినాను."

తర్వాత మెల్లగా చెయ్యి చాచారు. "ఒక్క నిమిషం ఇస్తావా? నాది ఇరిగిపోయి శానా ఏండ్లాయె."

"ఇది సామి ముందర వాయించేది. తాగేవాళ్ల ముందర వాయించిన చేతికి ఇయ్యను," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మా నాయన గూడా ఇదే మాటన్నాడప్పా," అన్నారు.

రైలొచ్చింది. తోపులాటలో నేను ఎక్కేశాను, పెట్టె బెంచీ మీదే ఉండిపోయింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని పరుగున వచ్చి తలుపు దగ్గర నాకు అందించారు. "పదిలం, దెబ్బ తగలనీకు," అన్నారు. నేను తల కూడా ఎత్తలేదు. పేరడగలేదు.

ఇప్పుడు నేనే పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. రేడియోలో జాజ్ వస్తే కట్టేస్తాను. ఆ సంగీతం నాకు గిట్టదని పిల్లలు అనుకుంటారు. పెట్టె అందించిన ఆ రెండు చేతులు గుర్తొస్తాయని నేను వాళ్లకు చెప్పలేదు.