నా కృతఘ్నతలు

ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరు ఒంటిసాక్సు. మేమంటే, ఆడపిల్లల హాస్టల్లో కింద అంతస్తు బట్టల గదిలో పనిచేసేవాళ్లం. ఇస్త్రీ దగ్గర నేను, దుప్పట్ల మిషన్ల దగ్గర మా వదిన. వదినంటే వరసకేమీ కాదు. పదకొండేళ్లుగా ఒకే గదిలో చెమటలు కక్కుతున్నాం, ఇంక వేరే ఏమని పిలుస్తాను?

రెండు వందల మంది పిల్లలు. సంచీల మీద నంబర్లుంటాయి గానీ, మనిషిని నంబరుతో పిలవడానికి నాకు నోరు రాదు. అందుకని ఒకమ్మాయి సెంటుసీసా, ఒకమ్మాయి ఇంకుమరక, రోజుకి మూడు జతలు మార్చే అమ్మాయి మహారాణి. ఈ పిల్లేమో ప్రతివారం సంచీలో ఒక్క సాక్సే వేసి పంపేది.

"రెండోది ఏదే?" అంటే, "వస్తుంది పిన్నీ, దానికి కాస్త బద్ధకం" అనేది.

మిగతా పిల్లలు కిటికీలోంచి సంచీ తోసేసి వెళ్లిపోతారు. తప్పని అనడం లేదు, వాళ్ల హడావిడి వాళ్లది. ఈ పిల్ల మాత్రం కిటికీ చెక్క మీద మోచేతులు ఆనించి నిలబడేది. రెండో ఏడు చదువుతోంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టే ఉండేది. అయినా కబుర్లకి మాత్రం ఎక్కడలేని తీరిక. చలి గట్టిగా ఉన్న రోజుల్లో ఫ్లాస్కులో టీ తెచ్చి మా ఇద్దరికీ పోసేది. ఎక్కడిదే అని ఒకసారి అడిగితే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"గదిలో కెటిలుంది. ఎవరికీ చెప్పకు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను."

గదుల్లో కరెంటు సామాన్లు పెట్టుకోకూడదని హాస్టల్ రూలు.

"టీ తాగిన నోటితో ఎలా చెప్తానే?" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఇక గుండీ సంగతి. ఒకరోజు ఆ పిల్ల ల్యాబుకి వేసుకునే తెల్లకోటు ఇస్త్రీ చేస్తూ వదినతో మాటల్లో పడ్డాను. పై గుండీ మీద పెట్టె ఆగిపోయింది. ప్లాస్టిక్కు కదా, కరిగి బంకలా సాగింది. ఏదైనా పాడైతే ఆ అమ్మాయికి చెప్పాలి, నష్టాల పుస్తకంలో రాసి వార్డెన్ మేడంకి చూపించాలి. ఆ ఏడు అప్పటికే నా పేరు మీద రెండున్నాయి. మూడోది పడితే ఇస్త్రీ నుంచి తీసేసి దుప్పట్లకి వేస్తారు. తడి దుప్పట్లు ఎత్తితే నా నడుం నాకు దక్కదు. అందుకని నా పాత స్వెట్టరు గుండీ ఒకటి పీకి కుట్టేశాను. మిగతావాటికి రెండేసి కన్నాలు, దీనికి నాలుగు. రంగు కూడా కాస్త పసుపు. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను గానీ, మడతపెట్టి ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను.

మళ్లీ వారం, సోమవారం నాడు, అదే కోటు వచ్చింది. మా పనిలో మొట్టమొదట చేయాల్సింది జేబులు తడమడం. పెన్నులు, టిక్కెట్లు, సగం తిన్న చాక్లెట్లు, ఏమైనా ఉంటాయి. ఈసారి అరచేతిలో పట్టేంత నోటుపుస్తకం దొరికింది. తెరవకూడదు. తెరిచాను.

మొదటి పేజీలో పెద్దక్షరాలతో, కింద గీత గీసి మరీ రాసుంది: నా కృతఘ్నతలు.

నేను చదివింది ఐదో తరగతే. కానీ అక్షరాల దగ్గర నన్నెవరూ బోల్తా కొట్టించలేరు. మా తాత ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. మేం అల్లరి చేస్తే "కృతఘ్నుల్లారా!" అని కేకేసి, ఆ మాటే పలక మీద పదిసార్లు రాయించేవాడు. చేసిన మేలు మరిచిపోయేవాళ్లని అర్థం చెప్పేవాడు. కాబట్టి ఆ మాట నాకు బాగా తెలుసు. దాని కింద వరసగా ఇలా ఉంది.

బస్సు డ్రైవరు. లైబ్రరీ మూల కుర్చీ. రూమ్మేటు గురక. అమ్మ ఫోను. ఇస్త్రీ పిన్ని, గుండీ.

అంతే. వివరం లేదు. వివరం నేనే కల్పించుకున్నాను. డ్రైవరు బస్సు ఆపడన్నమాట. కుర్చీ విరిగిందన్నమాట. రూమ్మేటు నిద్రపోనివ్వదు, తల్లి ఫోను చెయ్యదు, ఇస్త్రీ పిన్ని గుండీ కాల్చేసి నోరు మూసుకుంది. ఇంతమందిమీ మేలు మరిచినవాళ్లమని పేర్లు రాసి పెట్టుకుందన్నమాట! తప్పు చేసినవాళ్లకి కోపం ఎంత తొందరగా వస్తుందో ఆరోజు తెలిసింది నాకు.

"ఏమైందే, మొహం పెట్టెలా కాలిపోతోంది?" అంది వదిన.

"ఏం లేదు. ముందు టీ పోస్తారు, వెనక పేరు రాసుకుంటారు."

"ఎవరు?"

"ఉన్నార్లే."

ఆ మధ్యాహ్నమే వార్డెన్ మేడం వచ్చారు. మూడో అంతస్తులో వారంలో నాలుగుసార్లు ఫ్యూజు పోయిందట.

"గదుల్లో ఎవరైనా ఏమైనా పెడుతున్నారా? నీ కిటికీ దగ్గర పిల్లలు అన్నీ వాగుతారు కదా, నీకు తెలియకుండా ఉండదు."

ఇక్కడే ఇంకో నిజం చెప్పాలి. ఫ్యూజు ఎందుకు పోతుందో నాకు ముందే అనుమానం ఉంది. పెద్ద ఇస్త్రీ మిషనూ, ఆరబెట్టే మిషనూ ఒకేసారి వేయకూడదు. పని తొందరగా తెమిలి ఇంటికి పోవచ్చని నేను రెండూ వేస్తాను. అలా వేసినప్పుడల్లా పైనుంచి పిల్లల అరుపులు వినిపిస్తాయి. మాకూ మూడో అంతస్తుకీ ఒకటే లైను, ఎవరు వేశారో మహానుభావుడు. ఇది తెలిసీ నోరు విప్పాను.

"మూడు వందల పన్నెండో నంబరు గదిలో కెటిలున్నట్టుంది మేడం."

మిషన్ల చప్పుడులో వదినకి వినపడలేదు. వినపడుంటే నా చెయ్యి గిల్లేసేది.

మర్నాడు గది వెతికారు, కెటిల్ పట్టుకుపోయారు. ఆదివారం లోపల గది ఖాళీ చెయ్యమని ఆ పిల్ల చేతికి కాగితం ఇచ్చారు. పరీక్షలకి మూడు వారాలుంది. ఊళ్లో ఉన్నదల్లా ఎవరో దూరపు బాబాయి. ఆ ఇంట్లో అప్పటికే ఆరుగురు, అక్కణ్ణుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. ఈ సంగతంతా మహారాణి వచ్చి చెప్పింది. అబద్ధం ఎందుకు, విన్నప్పుడు కాసేపు నాకు హాయిగానే ఉంది.

శుక్రవారం ఒంటిసాక్సు కిటికీ దగ్గరికొచ్చింది. కళ్లు ఉబ్బిపోయున్నాయి.

"పిన్నీ, నా కోటు జేబులో చిన్న పుస్తకం ఉండాలి."

"ఉంది. నేను తెరవలేదు" అని తీసి ఇచ్చాను.

"తెరిస్తే మాత్రం ఏమైంది? రేపు క్లాసులో చదవాల్సిందేగా. ఐదు రోజుల పాటు రాయమన్నారు మా తెలుగు సారు. రోజూ మనకి ఏది ఉన్నందుకు సంతోషమో రాయాలి, ఒక్కో మాటే. ఎందుకో మాత్రం లేచి నిలబడి చెప్పాలి. నాకేమో ఇంట్లో మాట్లాడ్డమే గానీ మన అక్షరాలు సరిగ్గా రావు. కాస్త వింటావా? ఏడుపొచ్చేలా ఉంది. నీ దగ్గర ఏడ్చేస్తే రేపు అక్కడ రాదు."

నేను పెట్టె తిప్పి నిలబెట్టాను.

"బస్సు డ్రైవరు" అని మొదలుపెట్టింది. "నేను పరిగెత్తడం అద్దంలో కనబడితే ఆగుతాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. లైబ్రరీ మూల కుర్చీ. దాని వెనక వేడినీళ్ల గొట్టం ఉంది, వీపు వెచ్చగా ఉంటుంది. రూమ్మేటు గురక..." ఇక్కడ కాస్త ఆగింది. "ఇంట్లో నానమ్మకీ అక్కకీ మధ్య పడుకునేదాన్ని. చప్పుడు లేకపోతే నాకు నిద్ర రాదు. అది గురక పెడితే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. అమ్మ ఫోను. అమ్మకి ఫోనులో మాట్లాడ్డం చేతకాదు. పొయ్యి పక్కన పెట్టి వంట చేసుకుంటుంది. గిన్నెల చప్పుడు వింటూ నేను చదువుకుంటాను."

తర్వాతి పేరు నాదే. పారిపోదామంటే ఎక్కడికి పోతాను? కిటికీకి ఇవతల నేనే కదా.

"ఇస్త్రీ పిన్ని. నా కోటు గుండీ ఊడిపోయుంటే, నేను అడక్కుండానే తన గుండీ తెచ్చి కుట్టింది. చెప్పను కూడా చెప్పలేదు. మా అమ్మా అంతే, రంగూ గింగూ చూడదు, ఏది చేతికొస్తే అది కుట్టేస్తుంది. ల్యాబులో ఏమీ తోచనప్పుడు ఆ గుండీ పట్టుకుంటాను."

నా చెవుల్లోకి ఎవరో వేడి ఆవిరి వదిలినట్టైంది.

"ఇదేంటి పిన్నీ, నువ్వేడుస్తున్నావేంటి? ఏడవాల్సింది నేను కదా!"

"నీ సంగతి ఎవరు చెప్పారో తెలిసిందా?" అని అడిగాను. ఎలా అడిగానో నాకే తెలీదు.

దాని మొహం ముడుచుకుపోయింది. "ఇంకెవరు? కెటిల్ సంగతి తెలిసింది ఇద్దరికే, నీకూ మా రూమ్మేటుకీ. దానితో మాట్లాడ్డం మానేశాను" అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇద్దరిలో అది నేనై ఉంటానని ఆ పిల్ల ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

నేను ఇస్త్రీ పెట్టె స్విచ్చు తీసేశాను.

"ఎక్కడికే? ఇంకా నలభై చొక్కాలున్నాయి!" అంది వదిన.

"పుస్తకంలో నా పేరు రాయించుకోడానికి."

వార్డెన్ మేడం గదిలో కుర్చీ చూపించారు గానీ నేను కూర్చోలేదు. గుండీ దగ్గర మొదలుపెట్టి ఫ్యూజు దాకా చెప్పేశాను. ఆవిడ నమ్మలేదు. నాతో కిందికొచ్చి, "ఏదీ, రెండూ వెయ్యి" అన్నారు. వేశాను. రెండు నిమిషాలు ఏమీ కాలేదు. ఇంక నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తుండగా, పైన మూడో అంతస్తు మొత్తం ఒక్క గొంతుతో "అబ్బా!" అని అరిచింది.

మేడం రెండు మిషన్ల స్విచ్చులూ తనే ఆపేశారు. తర్వాత అన్నారు. "కెటిల్ తప్పు కెటిల్‌దే, అది ఏడాది చివర్న ఇస్తాను. గది ఖాళీ చెయ్యమంది మాత్రం ఫ్యూజు వల్ల. ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. నువ్వు సోమవారం నుంచి దుప్పట్లకి."

"అలాగే మేడం."

"ఎవరు చెప్పారన్నది నేను పిల్లలకి చెప్పను. అది నా పద్ధతి. నువ్వేం భయపడక్కర్లేదు."

అంటే నేను నోరు మూసుకుంటే చాలు. పిల్లకి గది దక్కుతుంది, నేను పిన్నిగానే ఉంటాను. మెట్ల దగ్గర నిలబడి ఆ ఆలోచన కూడా చేశాను, దాచడం ఎందుకు. కానీ ఆ రూమ్మేటు పిల్ల ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. ఏ పాపం తెలీని పిల్ల నా పాపం మోస్తోంది. పదకొండేళ్లలో ఎప్పుడూ ఎక్కని మెట్లు ఎక్కాను.

గది తలుపు తీసే ఉంది. రెండు మంచాల మధ్య నేల మీద పెట్టె, సగం సర్దుంది. రూమ్మేటు గోడవైపు తిరిగి కూర్చుంది. ఒంటిసాక్సు నన్ను చూసి గబగబా లేచింది.

"పిన్నీ! నువ్వు పైకొచ్చావేంటి?"

"కూర్చోవే. నువ్వు కూడా ఇటు తిరగమ్మా, ఇది నీక్కూడా."

చెప్పాను. అంతా చెప్పాను. ఆ పిల్ల నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీ చూసుకుంది. నేను వేలితో చూపించాను. కృతజ్ఞతలని రాయాల్సింది, జ్ఞ బదులు ఘ్న పడితే అర్థం తలకిందులవుతుందని చెప్పాను.

"ఒక్క అక్షరానికా పిన్నీ?"

"అక్షరం నువ్వు తెలీక రాశావే. నేను తెలిసే చేశాను."

అప్పుడు రూమ్మేటు నోరు విప్పింది. "మూడు రోజుల నుంచి ఇది నాతో మాట్లాడటం లేదండీ. నా గురకకి విసిగిపోయిందేమో అనుకున్నాను. నిద్రపోకుండా గోడకి ఆనుకుని కూర్చుంటున్నాను."

ఒంటిసాక్సు నన్ను తిట్టలేదు. తిడుతుందని వెళ్లాను, తిడితే పడదామని వెళ్లాను. ఆ పిల్ల వెళ్లి రూమ్మేటు పక్కన కూర్చుని, దాని మోకాలి మీద చెయ్యి వేసింది. తర్వాత తలెత్తకుండానే, "మీరు వెళ్లండి" అంది.

రెండేళ్లలో ఆ పిల్ల నన్నెప్పుడూ మీరనలేదు.

గది పోలేదు. పరీక్షలు బాగా రాసిందని మహారాణి చెప్పింది. నేనిప్పుడు దుప్పట్ల దగ్గర ఉన్నాను, నడుం సంగతి అడక్కండి. ఆ పిల్ల నడవలో ఎదురుపడితే మొహం తిప్పుకోదు. ఆగుతుంది కూడా. "బాగున్నారా అండీ? నడుం నొప్పి తగ్గిందా?" అని అడిగి వెళ్తుంది.

మొన్న వదిన కూడా విన్నది. "చూశావా, ఎంత మర్యాద ఇస్తోందో! ఇంకా ఆ ఏడుపు మొహం దేనికే నీకు?" అంది.

దుప్పటి రెండు కొసలు ఆవిడకి అందించి, నా కొసలు పట్టుకుని వెనక్కి నడిచాను.