పదకొండో నంబరుకి ఇద్దరం

రిటైరైన మూడో ఏడు నేను బి.ఏ.లో చేరాను. ఇంటర్‌తో ఆగిపోయిన చదువు అది. జగ్గయ్యపేటలో ఇంట్లో కూర్చుని ఒకే పేపరు రెండుసార్లు చదివే బదులు, నందిగామలో ఒక చిన్న డిగ్రీ కాలేజీకి వెళ్ళి అడిగాను. ప్రిన్సిపాల్ నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు. "మా సీట్లు ఎలాగూ నిండవు, రండి సార్" అన్నాడు. అప్పటికే క్లాసులు మొదలై రెండు వారాలైంది.

మొదటి రోజు నేను గదిలోకి అడుగు పెట్టగానే క్లాసంతా లేచి నిలబడింది. నేను పోయి వెనక బెంచీలో కూర్చున్నాక గాని వాళ్ళకి సంగతి అర్థం కాలేదు. ఆ తర్వాత హిస్టరీ మేడం వస్తే ఒక్కరూ లేవలేదు.

"ఇందాకే లేచాం కదా మేడం" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

వారం తిరిగేసరికి అందరికీ తాతగారినయ్యాను. జగ్గయ్యపేట నుంచి ఏడున్నర బస్సుకి మా క్లాసువాళ్ళం ఇద్దరమే వచ్చేవాళ్ళం, నేనూ ఒక అమ్మాయీ. వాళ్ళ నాన్న ఆటో తోలతాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. ఆయనే బస్టాండులో దింపి, బస్సు కదిలేదాకా ఉండి వెళ్ళేవాడు. నా వినికిడి అంతంతమాత్రం కాబట్టి ఆమె నోట్సు బస్సులో తీసుకుని ఎక్కించుకునేవాణ్ణి. పనిలో పనిగా అక్షరదోషాలు ఎర్ర పెన్నుతో దిద్దేవాణ్ణి.

"మీరు నోట్సు రాసుకుంటున్నారా, పేపర్లు దిద్దుతున్నారా తాతగారూ?" అని విసుక్కునేది.

మా కాలేజీలో హాజరు నంబర్లతోనే వేస్తారు. లెక్చరర్ల చేతిలో నంబర్ల కాగితం మాత్రమే ఉంటుంది. పేర్లున్న రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది. నా పేరు అక్షరక్రమంలో పదకొండో చోట వస్తుందని గుమస్తా నన్ను అక్కడ ఇరికించి, కిందివాళ్ళందరినీ ఒక్కో నంబరు జరిపాడు. నేను చేరిన రోజే క్లాసుకి వచ్చి కొత్త నంబర్లు చదివి వెళ్ళాడు.

"లెవెన్" అని వినపడి, అది నేనేనని గుర్తొచ్చి, గొంతు సవరించుకునేలోపే ముందు వరసలోంచి ఎవరో ఆడపిల్ల "ప్రెజెంట్ మేడం" అనేసేది. ఆ వెనకే నేనూ అనేవాణ్ణి. మేడం తలెత్తకుండా టిక్కు పెట్టేది. ముసలాయన తడుముకుంటాడని పిల్లలే పలుకుతున్నారు కాబోలని నేను మురిసిపోయాను. "ఈ కాలం పిల్లల్ని ఊరికే ఆడిపోసుకుంటాం" అని డైరీలో రాసుకున్నాను కూడా. ఆ తర్వాత "ట్వెల్వ్" అంటే మాత్రం ఎవరూ పలికేవారు కాదు.

"ట్వెల్వ్ దుబాయ్‌లో సెటిలయ్యాడు మేడం" అనేవాడు ముందు బెంచీ అబ్బాయి. దానికి అందరికంటే గట్టిగా నవ్వేది మా బస్సు అమ్మాయే.

పరీక్షలకి పది రోజుల ముందు హాజరు శాతాలు నోటీసు బోర్డులో పెట్టారు. డెబ్బై ఐదు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. నా పేరుకెదురుగా నూరు ఉంది. జ్వరంతో ఆరు రోజులు, వేదాద్రి వెళ్ళినప్పుడు ఒక రోజు, మొత్తం ఏడు రోజులు రాలేదని నా డైరీలో ఉంది. నేరుగా క్లాసుకి వెళ్ళి నిలదీశాను.

"నేను రాని రోజుల్లో నాకు ప్రాక్సీ వేసిందెవరు?"

"మాకు మేమే వేసుకోలేక చస్తుంటే మీకెవరేస్తారు తాతగారూ?" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

అందరూ నవ్వారు, బస్సు అమ్మాయి తప్ప. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె పేరుకెదురుగా పద్దెనిమిదే ఉంది. పైగా మీ అమ్మాయి కాలేజీకి రావడం లేదని వాళ్ళ నాన్న ఫోనుకి కాలేజీ నుంచి మెసేజీ వెళ్ళింది. ఆయన ఆటోలోనే బయల్దేరాడట.

"హాల్ టికెట్ పోతే పోయింది తాతగారూ. రోజూ బస్సెక్కి ఎక్కడికి పోతున్నావని అడిగారు. మా నాన్న నన్నెప్పుడూ అలా అడగలేదు."

"నీ నంబరెంతమ్మా?"

"లెవెన్."

"లెవెన్ నేను కదమ్మా!"

ఇద్దరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. నంబర్లు మార్చిన రోజు ఆమె లేదు. రెడ్డిగూడెంలో వాళ్ళ అక్క నిఖాకి వెళ్ళి మూడో రోజు వచ్చింది. మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పద్దెనిమిదీ నేను చేరకముందు రెండు వారాలవి.

"మరి నీ వెనకాలే నేనూ ప్రెజెంట్ అనేవాణ్ణిగా?"

"మీకు సరిగ్గా వినపడక, టెన్‌కి లేటుగా పలుకుతున్నారనుకున్నా తాతగారూ."

ముప్పై ఏళ్ళు ఆఫీసులో రికార్డులు చూసినవాణ్ణి. ఈ చిన్న తిరకాసు సెమిస్టరంతా నా కళ్ళ ముందే నడిస్తే కనిపెట్టలేకపోయాను.

ప్రిన్సిపాల్ గదిలో వాళ్ళ నాన్న కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దగ్గరుండి బస్సెక్కిస్తున్నానండి. ఎక్కిన పిల్ల ఎక్కడ దిగుతుందో అది చెప్పండి చాలు."

"ఇక్కడే దిగుతోంది. నేనూ అదే బస్సులో వస్తున్నా" అన్నాను.

"పెద్దవారు, పిల్లని వెనకేసుకొస్తున్నారేమోనండి."

నేను డైరీ తీసి నేను రాని ఏడు రోజులూ చెప్పాను. ప్రిన్సిపాల్ రిజిస్టరు తెప్పించి చూశాడు. ఏడు రోజులూ పదకొండుకి హాజరు పడి ఉంది. ఆయన తల పట్టుకున్నాడు. హిస్టరీ మేడాన్ని పిలిస్తే, "ఈ అమ్మాయి ముఖం రోజూ చూస్తున్నా సార్, నంబరే తెలీదు" అంది.

వాళ్ళ నాన్న మాత్రం అమ్మాయి వైపు చూడకుండా నిలబడ్డాడు. నేను పేజీలు తిప్పి ఒకచోట చదివాను: "బస్సు అమ్మాయి ఈ రోజు కంగారులో టిఫిన్ బాక్సు ఆటోలోనే మర్చిపోయింది. మధ్యాహ్నం కాలేజీ వరండాలో నా పెరుగన్నంలో సగం పెట్టాను. ఊరమిరపకాయ మాత్రం ఇవ్వలేదు, ఒకటే ఉంది."

ఆయన అప్పుడు అమ్మాయి వైపు తిరిగాడు.

"ఆ బాక్సు నేనే తినేశానండి" అన్నాడు చివరికి. "ఆ సాయంత్రం ఏం తిన్నావమ్మా అని అడిగితే, తాతగారి పెరుగన్నం తిన్నాను, మిరపకాయ పెట్టలేదు అంది."

ప్రిన్సిపాల్ పకపకా నవ్వాడు. గుమస్తాని పిలిచి పన్నెండుకి పడాల్సిన హాజరంతా పన్నెండుకి వేయించాడు. నా ఏడు రోజులు నేనే దగ్గరుండి కొట్టేయించాను.

బయటికొచ్చాక వాళ్ళ నాన్న, "పదమ్మా, ఆటోలో పోదాం. ఇవాళ బస్సు దేనికి?" అన్నాడు.

"నాకింకా రెండు పీరియడ్లున్నాయి. వస్తే ఆబ్సెంట్ పడుద్ది" అని ఆమె ముఖం తిప్పుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఆయన వెళ్ళలేదు. ఆ రెండు పీరియడ్లూ గేటు బయట ఆటోలోనే కూర్చున్నాడు. ఎవరో ఇద్దరు వచ్చి ఎక్కబోతే, రానని చెయ్యి ఊపడం నాకు కిటికీలోంచి కనపడింది.